అద్దెకివ్వని కుర్చీ

బుధవారం పొద్దున షట్టరు ఎత్తేసరికి శాంసన్ చేతిలో ఉన్న సరుకు ఇది: మూడొందల ప్లాస్టిక్ కుర్చీలు, రెండు తెల్లగుడ్డ షామియానాలు, మొన్నటి వానాకాలంలో కొన్న నీలం రంగు వాటర్‌ప్రూఫ్ షామియానా ఒకటి, గుండిగలు, గరిటెలు, నాలుగు పెద్ద గ్యాస్ పొయ్యిలు, ఒక ట్రాలీ ఆటో, ఒక మంచి మోకాలు, ఒక చెడ్డ మోకాలు.

మూడొందల కుర్చీల్లో ఒకటి మాత్రం అద్దెకు పోదు. అది షట్టరు పక్కన గోడకు ఆని ఉంటుంది. దాని మీద మడతపెట్టిన పాత దుప్పటి, ముందు కాలు చాపుకోవడానికి బోర్లించిన పాల ట్రే. పెళ్లివాళ్లు ఒక్క కుర్చీ తగ్గిందని గొడవకు దిగిన రోజున కూడా శాంసన్ దాన్ని బండెక్కించలేదు.

చర్చి మేడ మీద షామియానా కడుతూ నిచ్చెన మీంచి పడ్డప్పటి నుంచి అతని ఎడమ మోకాలు మబ్బు పట్టే ముందు లోపల్నుంచి లాగుతుంది. తార్నాక మెట్రో స్తంభాల దగ్గర నుంచి ఆ సందులోకి తిరిగే వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. మిర్చి బజ్జీల బండి ఎంకన్న పిండి కలిపే ముందు "అన్నా, మోకాలేమంటున్నది?" అని కేకేస్తాడు. ఇస్త్రీ చేసే ఆవిడ బట్టలు ఆరేసే ముందు అతను కూర్చున్న తీరు చూసిపోతుంది. అంతమంది అడుగుతుంటే నొప్పి కూడా కాస్త గౌరవంగానే ఉండేది శాంసన్‌కి.

ఆ పొద్దున దయాకర్ వచ్చాడు. అతనికి ముషీరాబాద్‌లో టైల్స్ షాపు. యూనివర్సిటీలో ఎమ్మే చదివిన రోజుల బ్యాచీ వాళ్లంతా ఆదివారం క్యాంపస్‌లో కలుసుకుంటున్నారట. చెట్ల కింద ఖాళీ జాగాలో టెంటు, కుర్చీలు, వంట సామాను కావాలి.

"తెల్లగుడ్డది చాలన్నా," అన్నాడు దయాకర్. "చలికాలంల వాన యాడికెల్లొస్తది?"

శాంసన్ కాలు ట్రే మీదికి చాపి మోకాలు చిప్ప చుట్టూ బొటనవేలితో నొక్కుకున్నాడు. "తెల్లారగట్ల నుంచి లాగతా ఉంది బాబూ. సముద్రంలో వాయుగుండం అని టీవీలో కూడా అంటన్నారు. వాటర్‌ప్రూఫ్ తీసుకో. తర్వాత పెద్దోళ్లు తడిసిపోయారని నన్నంటావు."

"మంచిగనే ఉన్నది. వాటర్‌ప్రూఫ్‌కు కిరాయెక్కువ. మోకాలుకు కమీషన్ ఎంతిస్తవన్నా?"

ఇద్దరూ నవ్వారు. ఇద్దరూ వ్యాపారస్తులే కాబట్టి ఆ నవ్వులో బేరం కూడా ఉంది. చివరికి దయాకర్ నీలం దానికే ఒప్పుకున్నాడు. బైకెక్కుతూ వేలు చూపించి, "వాన పడకపోతే మాత్రం నీతోని కాదు, నీ మోకాలుతోనే మాట్లాడ్త," అన్నాడు.

మర్నాటికి ఆకాశం బూడిద రంగుకి తిరిగింది. మోకాలు చెప్పిన మాట నిజమైనందుకు శాంసన్‌కి నొప్పిలోనూ కొంచెం సంతోషంగానే ఉంది. కరుణమ్మ పెనం మీద రాళ్ల ఉప్పు వేయించి గుడ్డలో మూటగట్టి తెచ్చింది. అతను లుంగీ పైకి లాక్కుని, వేడికి పళ్లు బిగబట్టి, మోకాలికి కాపడం పెట్టుకుంటూ వెనక పెరట్లోకి చూశాడు.

పెరట్లో రామంతాపూర్ పెళ్లి నుంచి తిరిగొచ్చిన గుండిగలు కొండలా పడున్నాయి. బిర్యానీ మాడు అడుగున నల్లగా అట్ట కట్టింది. ఆదివారానికి అవే వెళ్లాలి. వాటిని తోమాల్సిన బాలలక్ష్మి ఇంకా రాలేదు.

ఆమె వచ్చేసరికి ఎంకన్న మొదటి వాయి బజ్జీలు కూడా దింపేశాడు. చీర మీద మగవాళ్ల స్వెట్టరు, చేతులు రెండూ చంకల్లో.

"ఏంటి బాలలక్ష్మీ, ఇప్పుడా రావడం?"

"ఏళ్లు ముడుసుకపోయినయ్ సారు. పొద్దుగాల లేస్తే పిడికిలి ఇప్పుకుంటలేదు. నా బిడ్డకు జడెయ్యనీకి కూడ రాలే. అది ఒట్టిగ రబ్బరేసుకోని బడికి పోయింది."

"మొన్న సోమవారం ఇదే చేతులతో మొత్తం సామానంతా తోమేశావు. పాట కూడా పాడావు. నాలుగు మబ్బులు రాగానే నొప్పొచ్చేసిందా?"

"గట్లనే వస్తది సారు. కీళ్లవాతమని దవాఖానల చెప్పిన్రు. ఎండకు జర ఇడుస్తది, మబ్బుకు పడ్తది."

"అదెట్టా కుదురుద్ది? ఉంటే రోజూ ఉండాలి, లేకపోతే లేదు."

బాలలక్ష్మి చంకల్లోంచి చేతులు తీసి చూసుకుంది. కణుపుల దగ్గర వేళ్లు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. "నొప్పి నాది సారు," అంది. "మబ్బు నాదా?"

శాంసన్ ఉప్పుమూట మోకాలికి ఇంకో పక్కకు మార్చుకున్నాడు. అతని లెక్క సూటిగా ఉంది. సరుకు గోదాములో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఒకరోజు ఉండి ఒకరోజు మాయమయ్యే సరుకును అతను ఏనాడూ నమ్మలేదు. సోమవారం పాడుతూ తోమిన మనిషి గురువారం వేళ్లు చూపిస్తే, సోమవారానిదే నిజమని అతను తీసుకున్నాడు.

ట్రాలీ నడిపే మొగిలి తాళ్లు చుట్టలు చుడుతున్నాడు. శాంసన్ అతన్ని పిలిచి, అందరికీ వినపడేటట్టే అడిగాడు. "అడిక్‌మెట్‌లో మీ పక్కింటావిడ పని కోసం చూస్తందన్నావుగా?"

"నిరోషక్కనా? చూస్తున్నదన్న. రమ్మంటవా?"

"సోమవారం రమ్మను. ముందు ఈ ఆదివారం గడవనీ."

బాలలక్ష్మి విన్నది. కుళాయి తిప్పింది. పక్క అపార్ట్‌మెంటు నీడ మధ్యాహ్నం దాకా ఆ పెరటిని వదలదు. ట్యాంకులోంచి వచ్చే నీళ్లు మంచులా ఉంటాయి. నీళ్లు చేతుల మీద పడగానే ఆమె ఒక్కసారి కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచి, పీచు అందుకుంది.

కరుణమ్మ చల్లారిన ఉప్పుమూట తీసుకుపోతూ గొంతు తగ్గించి అడిగింది. "ఏవండీ, దీన్నే మళ్లీ కాచి ఆమెకొకసారి ఇవ్వనా?"

"ఇవాళ మూట, రేపు సెలవు. నువ్వు మొదలెట్టకు."

కరుణమ్మ అతని మోకాలి వంక, పెరటి వంక చూసి లోపలికి వెళ్లిపోయింది.

శనివారానికి గాలి తిరిగింది. సన్నగా, ఎముక వెతుక్కుని దూరే గాలి. శాంసన్ మెట్టు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఎంకన్న వచ్చి పరామర్శించి నాలుగు వేడి బజ్జీలు ఇచ్చిపోయాడు. ఇస్త్రీ ఆవిడ నువ్వులనూనెలో వెల్లుల్లి కాచి రాయమంది. అన్నీ వింటూ శాంసన్ తన కుర్చీలో కూర్చుని పెరటి పని చూస్తున్నాడు.

బాలలక్ష్మికి పీచు పట్టు దొరకడం లేదు. జారి పడుతుంటే పాత చీర అంచు చింపి, పీచును అరచేతికి వేసి కట్టుకుంది. ముడి పళ్లతో బిగించింది. తర్వాత వేళ్లతో కాకుండా మణికట్టుతో, మోచేతితో, ఒంటి బరువంతా వేసి రుద్దడం మొదలుపెట్టింది. గుండిగ లోపలికి నడుము దాకా వంగి, కాసేపు రుద్ది, లేచి నిలబడి చేతులు దులుపుకుని మళ్లీ వంగుతోంది. పనిదొంగలు ఇంత కష్టపడి చెయ్యరు కదా అని శాంసన్‌కి ఒక ఆలోచన వచ్చింది. సోమవారం ఉద్యోగం పోతుందని చేస్తోందిలే అని దానికి తనే జవాబు చెప్పుకున్నాడు.

చీకటి పడే వేళకు అన్నీ అయ్యాయి, అన్నిటికన్నా పెద్దది తప్ప. దాని అడుగు ఇంకా నల్లగానే ఉంది.

"రేపు బగారన్నం దీంట్లోనే వండాలి," అన్నాడు శాంసన్. "పొద్దున్నే దీన్ని బండిలో వేసుకెళ్దాం. నువ్వు కూడా రా. అక్కడ కుళాయి దగ్గర తోమేసి వంటవాళ్లకివ్వు."

"వస్త సారు," అంది బాలలక్ష్మి. చేతికి కట్టుకున్న ముడి విప్పడం ఆమెకు రాలేదు. కరుణమ్మ వచ్చి విప్పింది.

ఆదివారం క్యాంపస్‌లో చెట్లు గాలికి ఒక పక్కకే ఊగుతున్నాయి. ఆకాశం నిండా తెల్లటి మబ్బు. చుక్క వాన లేదు. శాంసన్ పొద్దున్నుంచీ కుంటు కనిపించకుండా తిరిగాడు. గిరాకీ ముందు కుంటడం అతనికి ఇష్టం ఉండదు. మొగిలితో కలిసి పైపులు నిలబెట్టాడు, తాళ్లు లాగాడు, ఒక మూల జారుతుంటే స్టూలెక్కి తనే కట్టాడు. నీలం షామియానా డప్పులా బిగిసి నిలబడింది.

పది గంటలు కొట్టేసరికి పాత విద్యార్థులు వచ్చారు. బట్టతలలు, రంగేసిన మీసాలు, పట్టుచీరలు. ఒకరినొకరు 'ఒరేయ్' అని పిలుచుకుంటుంటే వాళ్ల పిల్లలు వింతగా చూస్తున్నారు. మబ్బు వెలుతురు నీలం పట్టా గుండా దిగి అందరి మీదా పడింది. ఫోటోగ్రాఫర్ నాలుగు ఫోటోలు తీసి, కెమెరాలో చూసుకుని, దయాకర్‌ని పక్కకు పిలిచాడు.

దయాకర్ విసవిసా నడిచి వచ్చాడు. వెనక ఇద్దరు ముగ్గురు స్నేహితులు కూడా వచ్చారు.

"ఏంది శాంసనన్నా గిది? అందరి మొఖాలు నీలం కొడుతున్నయ్. మా రాజశ్రీ మేడమ్ తెల్లచీర కట్టుకోనొస్తే ఫోటోల సిరాబుడ్డిల ముంచి తీసినట్టున్నది. వానేది? ఒక్క చుక్క చూపియ్!"

"మబ్బయితే పట్టింది కదా బాబూ."

"మబ్బుకు వాటర్‌ప్రూఫ్ కిరాయి ఇయ్యాల్నా? పొద్దున్నుంచి సూస్తున్న. తాళ్లు గుంజుతున్నవ్, స్టూలెక్కుతున్నవ్. బుధవారం మాత్రం తెల్లారగట్ల నుంచి గుంజుతున్నదంటివి. గిరాకీ ముంగటనే నొస్తదా నీకు? నొప్పి ఉంటే రోజూ ఉండాలె, లేకుంటే లేదు."

స్నేహితుల్లో ఒకాయన నవ్వాడు. శాంసన్ ముఖం వేడెక్కింది. ఇన్నేళ్ల వ్యాపారంలో గ్లాసులు తక్కువొచ్చాయని, తాళ్లు పాతవని మాటలు పడ్డాడు గానీ, ఒంట్లో ఉన్నదాన్ని దొంగసరుకన్నవాడు లేడు. స్టూలెక్కినప్పుడు మోకాలు ఎంత కేక పెట్టిందో ఇతనికి ఎలా చూపించాలి? చిప్ప విప్పి చూపించేది కాదు కదా.

"నొప్పి నాది బాబూ," అన్నాడు. "వాన నాదా?"

ఆ మాట బయటికి వచ్చాక అతనికే వినపడింది. ఇంతకుముందు ఎవరి నోట విన్నాడో అదీ వినపడింది. తల అటు తిరిగింది.

చెట్టు పక్కన కుళాయి దగ్గర బాలలక్ష్మి పెద్ద గుండిగలోంచి లేచి నిలబడి ఉంది. చేతికి మళ్లీ అదే చీర అంచు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని రెండడుగులు ముందుకు వచ్చింది.

"సారుకు నిజంగనే నొస్తది," అంది దయాకర్‌తో.

"నువ్వెవరమ్మా?"

"గిన్నెలు తోముత. గురువారం సారు మోకాలు కాపుకున్నడు, నిన్న మెట్టు దిగేటప్పుడు గోడ పట్టుకున్నడు. ఇయ్యాల మీ ముంగట పట్టుకుంటలేడు గంతే. స్టూలు దిగినంక చెట్టు ఎనకకు పోయి కాలు పిసుక్కున్నడు, నేను సూసిన. నాకు తెల్వదా? గా గురువారం నాడే నాయి ఏళ్లు ముడుసుకపోయినయ్. మబ్బు గుంజిందంటే సారుకు మోకాలు, నాకు ఏళ్లు. వాన పడ్తదా పడదా అది మాకేం ఎరుక?"

 నవ్విన ఆయన ఆమె చేతికున్న కట్టు వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. దయాకర్ అందరి వైపూ చూసి, తల గోక్కుని, "అయితే మీ ఇద్దరిదీ ఒకటే బ్యాచా?" అన్నాడు.

అందరూ నవ్వారు. బాలలక్ష్మి కూడా నవ్వింది. శాంసన్ ఒక్కడే నవ్వలేకపోయాడు. గురువారం తను ఈమెకు ఏ మాట అన్నాడో ఆమె మరిచిపోయిందని అనుకోవడానికి లేదు. నిరోష సోమవారం వస్తుందన్న సంగతీ తెలుసు. అయినా వచ్చి తన మోకాలికి పూచీ పడింది.

"దయాకర్ బాబూ," అన్నాడు. "బండిలో తెల్లగుడ్డది కూడా వేసుకొచ్చాను. నీలం దించేసి అది కడతాను, తెల్లదాని కిరాయే ఇవ్వు. నా మోకాలు మబ్బని చెప్పింది. వాన అని చెప్పింది నేను."

"అట్లయితే సరే," అన్నాడు దయాకర్. అప్పటికే అతని కోపం దిగిపోయింది. "నిమ్మలంగ కట్టురి. స్టూలు మాత్రం నువ్వెక్కకు. మా వోళ్లను పంపిస్త."

బట్టతలల బ్యాచీ వాళ్లు చొక్కా చేతులు మడిచి, ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ తెల్లగుడ్డ కట్టారు. కట్టు కాస్త వంకరగానే వచ్చింది గానీ వాళ్లు దాని కిందే గుంపుగా నిలబడి ఫోటో దిగారు.

శాంసన్ మొగిలితో నాలుగో పొయ్యి కుళాయి దగ్గరికి పట్టించుకుని వచ్చాడు. బగోనా నిండా నీళ్లు పట్టి దాని మీద పెట్టాడు.

"వంటోళ్లకు గుండిగ గావాల్నట సారు, జల్ది చేస్త," అంది బాలలక్ష్మి.

"వాళ్లు ముందు బగారా బైంగన్ కూర కానిచ్చుకుంటారు. నీళ్లు కాగనీ."

నీళ్లు పొగలు కక్కాక సగం ఒక బకెట్టులో చన్నీళ్లతో కలిపి ఆమె ముందు పెట్టాడు. "చేతులు పెట్టు."

ఆమె అనుమానంగా చూసి, కట్టు విప్పుకుని, మణికట్లు మునిగేదాకా పెట్టింది. కాసేపటికి భుజాలు కిందికి దిగాయి. నీళ్లలో వేళ్లు ఒక్కొక్కటే తెరుచుకోవడం శాంసన్ చూశాడు. చిటికెన వేలు అన్నిటికన్నా చివర తెరుచుకుంది. ఉప్పుమూట పెట్టినప్పుడు తన మోకాలు వదులయ్యేదీ అలాగే, ఒక్కసారి కాదు, మెల్లమెల్లగా.

మిగిలిన వేడినీళ్లు పెద్ద గుండిగలో పోశాడు. రెండు కుర్చీలు తెచ్చి ఎదురెదురుగా వేసి, మొగిలితో కలిసి గుండిగను వాటి మీద పక్కకు వాల్చాడు. మూడో కుర్చీ ఆమెకు వేశాడు. ఆమె కూర్చోలేదు.

"కూర్చో. వంగితే నడుము కూడా పోద్ది."

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. శాంసన్ గుండిగ కదలకుండా అంచు పట్టుకున్నాడు. ఆమె పొడవు గరిటెతో గీకింది. నాలుగు రోజులుగా చన్నీళ్లకు లొంగని మాడు వేడినీళ్లలో ఉబ్బి, అప్పడంలా పెళ్లలుపెళ్లలుగా లేచివచ్చింది. అడుగున లోహం తళుక్కుమంది.

శాంసన్‌కి సిగ్గేసింది, వ్యాపారస్తుడిగా. నాలుగు పొయ్యిలు ఊరందరికీ అద్దెకిస్తూ, తన పెరట్లో ఒక్కటి వెలిగించలేదు. తోముడు పొడి పెట్టెలకు పెట్టెలు అయిపోతుంటే ఎందుకని అడిగాడే గానీ, చన్నీళ్లు నెయ్యిని వదిలించవన్న సంగతి తట్టలేదు. మనిషి కోసం కాకపోయినా కనీసం గుండిగ కోసం చెయ్యవలసిన పని. మనిషి కోసం చెయ్యకపోవడం అంతకన్నా పెద్ద నష్టం అని కూడా అతనికి అప్పుడు తెలిసింది గానీ, నోటితో చెప్పడం చేతకాలేదు.

"సారు," అంది బాలలక్ష్మి గీకుతూనే. "రేపు నిరోష వస్తదా?"

"రావద్దని మొగిలితో చెప్పిస్తా. పెద్ద ఆర్డర్లప్పుడు, మబ్బు రోజుల్లో, ఆమెను కూడా పిలుద్దాం. బరువులు ఆమె ఎత్తుద్ది. నీ పని నీదే."

బాలలక్ష్మి గరిటె ఆపి అతని వైపు చూసింది. తర్వాత గుండిగలోకి చూసి, "గీడ ఇంకో పెళ్ల ఉన్నది, గట్టిగ పట్టుకో సారు," అంది.

మధ్యాహ్నం బగారన్నం బాగా కుదిరింది. దయాకర్ వాళ్ల నలుగురికీ ఆకుల్లో పెట్టించి పంపాడు. మూడు ఆకులు శాంసన్‌దీ, మొగిలిదీ, బాలలక్ష్మిదీ. నాలుగోది కరుణమ్మకని మడిచి ఇచ్చాడు.

సోమవారం ఎండ విరగ కాసింది. మబ్బు ఆనవాలు లేదు. శాంసన్ మెట్లు చకచకా దిగాడు. పెరట్లో పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. కరుణమ్మ తెల్లారగానే వెలిగించింది. అతను చెప్పింది ఒక్క పొయ్యి గురించే. ఆమె పక్కన పెనం పెట్టి ఉప్పు కూడా వేయిస్తోంది.

"ఇవాళ ఎందుకే? తగ్గిందిగా."

"తగ్గిన రోజున పెడితే పడ్డ రోజున కాస్త ఓర్చుకుంటుందేమోనని," అందామె. గుడ్డ ముక్కలు రెండున్నాయి.

బాలలక్ష్మి వేళకే వచ్చింది. స్వెట్టరు లేదు. పెరట్లో తనకని వేసిన కుర్చీలో కూర్చుని, క్యాంపస్ నుంచి తిరిగొచ్చిన సామాను ముందేసుకుని వేళ్లతో, మామూలు వేళ్లతో, పీచు పట్టి గిరగిరా తిప్పుతోంది. కాసేపటికి పాట కూడా అందుకుంది. శాంసన్ నోటి దాకా ఒక మాట వచ్చింది: ఇవాళ బాగానే ఉన్నాయిగా చేతులు. దాన్ని అక్కడే ఆపేశాడు. తన మోకాలు కూడా ఇవాళ బాగానే ఉంది. అంతమాత్రాన శనివారం గోడ పట్టుకున్నది అబద్ధం కాదు.

"ఎలా ఉన్నాయి వేళ్లు?" అని అడిగాడు.

పాట ఆగింది. ఆమెను ఆ మాట ఇంతవరకూ అక్కడ ఎవరూ అడగలేదు. "ఇయ్యాల ఇడిసినయ్ సారు. పొద్దుగాల బిడ్డకు రెండు జడలేసిన. మీ మోకాలు?"

"వదిలింది."

సందు చివర నుంచి ఎంకన్న అరిచాడు. "శాంసనన్నా! రేపెట్లుంటది? పిండి ఎక్కువ కలపాల్నా?"

"ఉండు," అని ఇక్కణ్ణుంచి అరిచాడు శాంసన్. "బాలలక్ష్మిని కూడా అడిగి చెప్తా!"

ఆ సాయంత్రం ఎండ తగ్గాక అతను మనసులోనే లెక్క చూసుకున్నాడు. పోయినవి: వాటర్‌ప్రూఫ్ కిరాయి, ఏళ్లుగా నమ్ముకున్న ఒక లెక్క, మోకాలు వాన చెబుతుందన్న పేరులో సగం. ఖర్చు: పెరట్లో కాలే గ్యాసు, రోజుకో గుప్పెడు ఉప్పు. వచ్చినవి: తెల్లగా మెరిసే గుండిగ అడుగులు, మిగిలిపోయిన తోముడు పొడి, ఎక్కడికీ పోని పనిమనిషి, అవసరం వచ్చినప్పుడు తన నొప్పికి సాక్ష్యం చెప్పగల మరో మనిషి. నొప్పి మాత్రం ఇద్దరికీ పోలేదు, పోదు కూడా. మళ్లీ మబ్బు పట్టినప్పుడు వస్తుంది.

మర్నాడు ఎవరో బర్త్‌డే ఫంక్షనుకని మూడొందల కుర్చీలూ అడిగారు. రెండువందల తొంభై ఎనిమిదే ఉన్నాయన్నాడు శాంసన్.